ఈసారి మన కుక్కలు ఎంతవరకు?

పోయిన ఆదివారం సాయంత్రం ఫుట్‌స్క్రే నుంచి టార్నీట్‌కి రైల్లో వస్తున్నాను. నాన్న ఫోన్ చేశారు. ఫోన్ స్పీకర్‌లో ఉందని నేను చూసుకోలేదు.

"ఏరా, ఈ ఏడాది మన కుక్కలు ఎంతవరకు వెళ్తాయంటావ్?"

ఎదురు సీట్లో కూర్చున్న తెలుగావిడ చటుక్కున తలెత్తి చూశారు. మెల్‌బోర్న్ పడమటి వైపు రైళ్ళతో ఇదే ఇబ్బంది. ఏ పెట్టె ఎక్కినా మన భాష తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉంటారు. "కుక్కలంటే కుక్కలు కాదండీ, ఫుట్‌బాల్ జట్టు" అని చెప్పబోయి ఊరుకున్నాను. మొదలుపెడితే ఆవిడ దిగాల్సిన స్టేషన్ దాటిపోతుంది. మీకైతే తీరిగ్గా చెప్పొచ్చు.

జట్టు పేరు వెస్టర్న్ బుల్‌డాగ్స్. ఆట పేరు ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. ఇక్కడ అందరూ 'ఫూటీ' అంటారు. మనకి తెలిసిన ఫుట్‌బాల్‌తో దీనికి బీరకాయ పీచు చుట్టరికం కూడా లేదు. బంతి కోడిగుడ్డులా ఉంటుంది. మైదానం కూడా అదే ఆకారం. ఒక్కో వైపు 18 మంది. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించొచ్చు. విసిరితే మాత్రం తప్పు. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు ఉంటాయి. మధ్య రెండింటి నడుమ నుంచి తన్నితే 6 పాయింట్లు, పక్క సందుల్లోంచి పోతే 1. మొదటిసారి చూసినప్పుడు నాకు తీర్థంలో తొక్కిసలాటలా అనిపించింది.

మొత్తం 18 జట్లు. మార్చి నుంచి ఆగస్టు దాకా ఒక్కో జట్టు 23 మ్యాచులు ఆడుతుంది. 2025 సీజన్ దాకా మొదటి 8 స్థానాల్లో నిలిచినవాళ్ళు ఫైనల్స్‌కి వెళ్ళేవారు. సెప్టెంబర్ చివర్లో ఎంసీజీలో లక్షమంది మధ్య గ్రాండ్ ఫైనల్. ఇదీ ఏడాది చక్రం. ఈ చక్రంలో ఫిబ్రవరి నెలంతా ఒకటే పని. 'ఈసారి మన సంగతేంటి?' అని లెక్కలు వేసుకోవడం.

మా గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. సంక్రాంతికి రెండు నెలల ముందు నుంచే మా ఊళ్ళో అరుగుల మీద ఇదే పంచాయితీ. డేగా, కాకా, నెమలా? ఏ రోజు ఏ రంగుకి కలిసొస్తుంది? కాళ్ళెలా ఉన్నాయి, చూపెలా ఉంది? దానికి కుక్కుట శాస్త్రం అని ఒక పుస్తకమే ఉంది. ఇక్కడ మాది కుక్క శాస్త్రం. అంతే తేడా.

నేను 2020 ఫిబ్రవరిలో ఎమ్మెస్ చదవడానికి మెల్‌బోర్న్ వచ్చాను. అప్పటికి నాకు 23 ఏళ్ళు. భీమవరంలో ఇంజినీరింగ్, హైదరాబాద్‌లో ఏడాదిన్నర ఉద్యోగం, ఆ తర్వాత ఇది. అద్దె తక్కువని ఫుట్‌స్క్రేలో ఒక పెద్దాయన ఇంటి వెనక గదిలో దిగాను. నెల తిరక్కుండానే కోవిడ్ వచ్చింది. ఆ ఏడాదీ తర్వాతి ఏడాదీ కలిపి మెల్‌బోర్న్‌లో 262 రోజులు లాక్‌డౌన్. ఆ ఇంట్లో ఆయన, నేను. ఆయన భార్య పోయి అప్పటికి మూడేళ్ళు. కూతురు బ్రిస్బేన్‌లో ఉంటుంది.

పేరుపెట్టి పిలవమన్నారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషిని పేరుతో పిలవడానికి నాకు నోరు రాలేదు. 'అంకుల్' అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "సరే, ఇక నుంచి నేను నీకు అంకుల్‌ని" అన్నారు. నన్ను మాత్రం 'మేట్' అంటారు.

ఆయన పుట్టింది మాల్టాలో. ఎనిమిదేళ్ళ వయసులో అమ్మానాన్నలతో ఓడలో వచ్చారు. అది 1954. అదే ఏడాది ఫుట్‌స్క్రే జట్టు, అంటే ఇప్పటి బుల్‌డాగ్స్, గ్రాండ్ ఫైనల్లో మెల్‌బోర్న్‌ని 51 పాయింట్ల తేడాతో ఓడించి తొలిసారి కప్పు గెలిచింది. "వీధి వీధంతా డాన్సులు. ఈ దేశంలో ఏటా ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను మేట్. ఇంకోసారి చూడ్డానికి 62 ఏళ్ళు పట్టింది" అంటారు. ఈ మాట నాకు కనీసం యాభైసార్లు చెప్పి ఉంటారు. యాభైసార్లూ ఆయనే ముందు నవ్వుతారు.

ఫుట్‌స్క్రే అంటే అప్పట్లో ఫ్యాక్టరీలు, కార్మికుల ఇళ్ళు. ఆయన న్యూపోర్ట్ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. జట్టు దగ్గరా డబ్బు ఉండేది కాదు. 1989లో లీగ్ వాళ్ళు ఈ క్లబ్బుని ఫిట్జ్‌రాయ్ అనే ఇంకో క్లబ్బుతో కలిపేస్తున్నామని ప్రకటించారు. కలిపేయడమంటే ఊళ్ళో ఇది మూతపడటమే. పీటర్ గోర్డన్ అనే లాయర్ ముందు నిలబడ్డారు. ఐరీన్ చాట్‌ఫీల్డ్ అనే అభిమాని కోర్టుకెళ్ళి గడువు సంపాదించారు. మూడు వారాల్లో 15 లక్షల డాలర్లు పోగెయ్యాలి. పడమటి మెల్‌బోర్న్ అంతా డబ్బాలు పట్టుకుని బయల్దేరింది. మా అంకుల్ కూడా డ్యూటీ దిగి, ఆ బట్టలతోనే ఇల్లిల్లూ తిరిగారట. జట్టు నిలబడింది. ఆ డబ్బా ఇప్పటికీ వాళ్ళ వంటింట్లో ఉంది. అందులో టీ పొడి పోస్తారు.

ఆ తర్వాత కూడా సుఖమేం లేదు. 1985 నుంచి 2010 లోపు ఏడుసార్లు సెమీస్ లాంటి ప్రిలిమినరీ ఫైనల్ దాకా వెళ్ళి ఏడుసార్లూ ఓడిపోయారు. 1997లో అయితే 2 పాయింట్ల తేడా. చివరికి 2016లో 7వ స్థానంతో ఫైనల్స్‌కి వెళ్ళి, వరసగా నాలుగు మ్యాచులు గెలిచి కప్పు పట్టుకొచ్చారు. 7వ స్థానం నుంచి కప్పు గెలిచిన జట్టు అంతకుముందు లేదు. గాయం వల్ల ఆడలేకపోయిన కెప్టెన్ బాబ్ మర్ఫీని కోచ్ ల్యూక్ బెవరిడ్జ్ వేదిక మీదకి పిలిచి, తన మెడలో పతకం తీసి ఆయన మెడలో వేశాడు. ఆ వీడియో లాక్‌డౌన్‌లో మేం ఎన్నిసార్లు చూశామో. ప్రతిసారీ ఆ చోటికి రాగానే ఆయన లేచి టీ పెట్టడానికి వెళ్ళిపోయేవారు. టీ కోసం కాదని నాకు తెలుసు.

మొదటి ఏడాది నాన్నతో ఫోన్లో "వాళ్ళు గెలిచారు, వాళ్ళు ఓడారు" అని చెప్పేవాణ్ణి. 2021 సెప్టెంబర్‌లో గ్రాండ్ ఫైనల్‌కి వచ్చారు. లాక్‌డౌన్ వల్ల మ్యాచ్ పెర్త్‌లో పెట్టారు. మేమిద్దరం సోఫాలో. మూడో క్వార్టర్‌లో 19 పాయింట్ల ఆధిక్యం. తర్వాత ఏమైందో ఏమో, ఆనకట్ట తెగినట్టు గోల్స్ మీద గోల్స్. 74 పాయింట్ల తేడాతో ఓటమి. ఆ రాత్రి నాన్న ఫోన్ చేస్తే "మేం ఓడిపోయాం నాన్నా" అన్నాను. అటు నుంచి ఒక్క నిమిషం మాట లేదు. "మేమా?" అన్నారు. ఇంగ్లిష్‌లో 'వుయ్' అంటే సరిపోతుంది, ఎవరు లోపలో ఎవరు బయటో చెప్పక్కర్లేదు. మన భాషలో అలా కుదరదు. 'మేము' అన్నానంటే నాన్నని బయట పెట్టినట్టే. ఆయనకి అది గుచ్చుకుందని తర్వాత అమ్మ చెప్పింది. నేను 'మన జట్టు' అనడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. పోస్టాఫీసులో రిటైరైన మా నాన్న ఇప్పుడు పాలకొల్లు పక్కన ఒక పల్లెటూళ్ళో కూర్చుని బుల్‌డాగ్స్ స్కోర్లు చూస్తారు. అర్థమవుతుందని కాదు. మనవి కాబట్టి.

ఉద్యోగం వచ్చాక నేను టార్నీట్‌లో ఇద్దరు స్నేహితులతో ఇల్లు తీసుకున్నాను. వాళ్ళిద్దరికీ ఐపీఎల్ తప్ప ఇంకోటి పట్టదు. నేను మాత్రం ప్రతి ఫిబ్రవరి చివరి ఆదివారం ఫుట్‌స్క్రే వెళ్ళాల్సిందే. అంకుల్ పెరట్లో నిమ్మచెట్టు కింద కుక్క శాస్త్ర సభ. సభ్యులు నలుగురు. అంకుల్, వియత్నాం నుంచి వచ్చి ఫుట్‌స్క్రేలో ముప్పై ఏళ్ళుగా బేకరీ నడుపుతున్న ఒకావిడ, ఇథియోపియా నుంచి వచ్చిన ఒక టాక్సీ డ్రైవర్, నేను. బేకరీ ఆవిడ రొట్టెలు తెస్తారు. నేను జంతికలు తీసుకెళ్తాను.

ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి. బేకరీ ఆవిడ గాయాల జాబితా తప్ప ఇంకేం చూడరు. "ఎవరు ఆడతారో తెలీకుండా ఎలా ఆడతారో నాకెందుకు?" అంటారు. డ్రైవర్ కోచ్ మొహం చూసి చెబుతాడు. నేను కంప్యూటర్. చెస్ ఆటగాళ్ళకి వాడే ఈలో రేటింగ్ పద్ధతిలో ఒక్కో జట్టుకీ ఒక అంకె ఇస్తాను. గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. బలమైన జట్టు మీద గెలిస్తే ఎక్కువ పెరుగుతుంది. తర్వాత సీజన్ మొత్తాన్ని కంప్యూటర్లో పదివేలసార్లు ఆడిస్తాను. అంకుల్ పద్ధతి వేరు. అందరి వాదనా విని, చివర్లో ఒక పాత కవరు వెనక ఒక అంకె రాసి ఫ్రిజ్‌కి అంటిస్తారు. ఏ ఏడాదైనా అదే అంకె. 8. "అంతకంటే పైకి అడిగితే దేవుడికి కోపం వస్తుంది. లోపలికి రానిస్తే చాలు, మిగతాది మనం చూసుకుంటాం" అంటారు.

పోయిన ఆదివారం సభ మొదలైంది. ఈసారి లెక్క కష్టంగానే ఉంది.

ముందు నష్టాలు. ముగ్గురు పెద్ద ఆటగాళ్ళు వేరే క్లబ్బులకి వెళ్ళిపోయారు. మోకాలి గాయంతో 2024 అంతా ఆడని బెయిలీ స్మిత్ జీలాంగ్‌కి వెళ్ళాడు. జాక్ మక్రే సెయింట్ కిల్డాకి, కేలబ్ డేనియల్ నార్త్ మెల్‌బోర్న్‌కి వెళ్ళారు. వీళ్ళిద్దరూ 2016 కప్పు జట్టులో ఉన్నవాళ్ళు. డేనియల్ అంటే అంకుల్‌కి ప్రాణం. ఎత్తు 168 సెంటీమీటర్లు, నెత్తి మీద హెల్మెట్. ఆకాశమంత మనుషుల కాళ్ళ మధ్యలోంచి బంతి తీసుకుని బయటపడతాడు. దీనికితోడు కెప్టెన్ మార్కస్ బాంటెంపెల్లికి సీజన్ మొదలవకముందే పిక్క కండరం దెబ్బతింది. ఆడమ్ ట్రెలోర్‌కీ పిక్కే. బేకరీ ఆవిడ రొట్టె పక్కన పెట్టేశారు.

ఇక లాభాలు. కార్ల్‌టన్ నుంచి మాథ్యూ కెన్నెడీ వచ్చాడు. శామ్ డార్సీ ఇంకో ఏడాది ముదిరాడు. ఇతనిది 208 సెంటీమీటర్ల ఎత్తు, వయసు 21. ఇతని నాన్న ల్యూక్ డార్సీ ఈ క్లబ్బుకే ఆడాడు. తాత డేవిడ్ డార్సీ కూడా ఈ క్లబ్బుకే ఆడాడు. ఈ లీగ్‌లో 'తండ్రీకొడుకుల నిబంధన' అని ఒకటుంది. తండ్రి ఒక క్లబ్బుకి 100 మ్యాచులు ఆడి ఉంటే, కొడుకుని ఎంచుకోవడంలో ఆ క్లబ్బుకి మొదటి హక్కు. మొదట విన్నప్పుడు "మన సినిమా హీరోల వారసుల్లాగే" అని నవ్వాను. కానీ మా జట్టులో టామ్ లిబరటోరె అని ఇంకో ఆటగాడున్నాడు. అతని నాన్న టోనీ 1990లో లీగ్ ఉత్తమ ఆటగాడు. టామ్ బురదలో బోర్లా పడి బంతి లాక్కోవడం చూశాక వారసత్వం గురించి నేను మళ్ళీ జోకులెయ్యలేదు.

"పోయినేడాది 6వ స్థానం. బ్రిస్బేన్ 5వ స్థానం నుంచి కప్పు కొట్టింది. ఒక మెట్టే తేడా" అన్నాడు డ్రైవర్.

నా వంతు వచ్చింది. ల్యాప్‌టాప్ తీశాను. "పదివేల సీజన్లలో వందకి 58 సార్లు ఫైనల్స్‌కి వెళ్తాం. వందకి 5 సార్లు కప్పు. సగటు స్థానం 8."

అందరూ నవ్వారు. ఇంత చదువు చదివి అంకుల్ కవరు దగ్గరకే వచ్చావన్నారు. నేనూ నవ్వి అంకుల్ వైపు తిరిగాను, కవరు ఏదీ అన్నట్టు.

"ఈసారి నేను రాయట్లేదు" అన్నారు ఆయన. "మెంబర్‌షిప్ కూడా కట్టలేదు."

డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన ఆ 1989 నుంచి ఆయన మెంబర్‌షిప్ కట్టని ఏడాది లేదు. రైల్వే వర్క్‌షాప్‌లో ఉద్యోగం పోయిన ఏడాది కూడా కట్టారు. భార్య ఆస్పత్రిలో ఉన్న ఏడాదీ కట్టారు. ఎవరికీ ఏం అడగాలో తెలీలేదు. బేకరీ ఆవిడ, "ఆటగాళ్ళని అమ్మేశారని కోపమా?" అన్నారు. "అలాంటిదే" అన్నారాయన. కాసేపటికి వాళ్ళిద్దరూ లేచి వెళ్ళిపోయారు.

నేను గిన్నెలు కడుగుతుంటే వెనక నుంచి చెప్పారు. కళ్ళు. రెటీనా మధ్య భాగం దెబ్బతినే జబ్బు. రెండేళ్ళ నుంచి ఉంది. కంట్లోకి ఇంజెక్షన్లు కూడా ఇస్తున్నారు. చుట్టుపక్కలవి కనిపిస్తాయి. దేని వైపు చూస్తే అది మాత్రం మసకైపోతుంది. "నీ మొహం చూస్తే నీ చెవులు కనిపిస్తాయి" అన్నారు. మైదానం కనిపిస్తుంది, జనం కనిపిస్తారు, బంతి ఉన్న చోట మాత్రం మబ్బు. "బంతి కనపడని ఆటకి సీటు ఎందుకు మేట్?"

నాకు పోయిన సెప్టెంబర్ గుర్తొచ్చింది. ఎంసీజీలో హాథోర్న్‌తో ఫైనల్స్ మొదటి మ్యాచ్. 37 పాయింట్ల తేడాతో ఓడిపోయి ఇంటికొచ్చాం. ఆ రోజు హాథోర్న్ గోల్ కొడితే అంకుల్ లేచి చప్పట్లు కొట్టారు. ముందు వరసలోవాళ్ళు తిరిగి చూసి నవ్వారు. నేనూ నవ్వాను. "అంకుల్, అది వాళ్ళ గోల్" అన్నాను. ఆయన కూడా నవ్వి కూర్చున్నారు. ఆ తర్వాత మ్యాచ్ అయ్యేదాకా చప్పట్లే కొట్టలేదు. నేను దాన్ని వయసనుకున్నాను. నెలనెలా ఆ ఇంటికి వెళ్ళే నేను, డేటాలో చిన్న తేడా వస్తే పట్టుకోవడమే ఉద్యోగంగా చేసే నేను, ఆయన టీ కప్పు కోసం బల్ల మీద తడుముకోవడం చూసి కూడా పట్టుకోలేకపోయాను.

ఆ రోజు రైల్లో నాన్న ఫోన్ వచ్చింది సరిగ్గా అప్పుడే. స్పీకర్ ఆపేసి చెవి దగ్గర పెట్టుకుని జరిగింది చెప్పాను.

నాన్న కాసేపు ఆగి, "మీ తాతయ్యకి పేపర్ చదవడం గుర్తుందా?" అన్నారు.

ఎందుకు గుర్తులేదు? తాతయ్యకి నీటికాసుల జబ్బొచ్చి చూపు పోయింది. రోజూ పొద్దున్న పోస్టాఫీసుకి వెళ్ళేముందు నాన్న అరుగు మీద కూర్చుని పేపర్లో ఆటల పేజీ చదివేవారు. తాతయ్య తల వంచుకుని వినేవారు. నాకు ఆరేడేళ్ళు ఉంటాయేమో. చదవడం అంటే ఉన్నది ఉన్నట్టు చదవడం కాదు. "సచిన్ ఆఫ్‌సైడ్ కొట్టాడు నాన్నా, మన రాములవారి గుడి వైపనుకో" అని ఊళ్ళో గుర్తులతో చెప్పేవారు. తాతయ్య చెయ్యి ఎత్తి ఆ వైపు చూపించేవారు.

"మొదట్లో ఆయన కూడా వద్దన్నాడ్రా. 'నాకెందుకు, నువ్వు చూసుకో' అనేవాడు. నేను అడగలేదు. చదవడం మొదలెట్టేశాను" అన్నారు నాన్న.

బుధవారం ఆఫీసు నుంచి నేరుగా ఫుట్‌స్క్రే వెళ్ళాను. విటెన్ ఓవల్ ముందు టెడ్ విటెన్ విగ్రహం దగ్గర అంకుల్‌ని కలవమన్నాను. సాయంత్రం నడకకి ఆయన రోజూ అక్కడికే వస్తారు. విటెన్ 1954 కప్పు జట్టులో ఆటగాడు. 'మిస్టర్ ఫుట్‌బాల్' అనేవారట. మైదానానికి ఆయన పేరే పెట్టారు. చివరి రోజుల్లో క్యాన్సర్ వల్ల ఆయనకి చూపు పోయింది. 1995లో ఎంసీజీలో రాష్ట్రాల మ్యాచ్ మొదలవకముందు కారులో కూర్చోబెట్టి మైదానం చుట్టూ తిప్పారు. పక్కన కొడుకు. జనం మొత్తం లేచి నిలబడ్డారు. రెండు నెలలకి ఆయన చనిపోయారు.

ఈ కథ నాకు చెప్పింది అంకులే. ఆ రోజు ఆయన అక్కడే ఉన్నారు. నేను ఆ విషయం ఎత్తుతానని కనిపెట్టినట్టున్నారు. "నువ్వేం చెప్పబోతున్నావో నాకు తెలుసు. ఆయన విటెన్. నేను ఫిట్టర్‌ని" అన్నారు.

"కారు లేదు అంకుల్. రైలే" అన్నాను.

ఇంటికెళ్ళి టీవీలో పోయినేడాది మ్యాచ్ ఒకటి పెట్టాను. ఆయన సోఫాలో. నేను పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. ఐదు నిమిషాల్లో అర్థమైంది, నాకు చెప్పడం రాదని. "బంతి పట్టాడు, తన్నాడు, అబ్బా బాగా తన్నాడు, ఇంకోడు పట్టాడు..." ఆయన చెయ్యెత్తి ఆపారు.

"బాగుందో లేదో నాకొదిలెయ్. మనుషులు ఎక్కడున్నారో చెప్పు. బంతికి ముందు మనవాళ్ళు ఎంతమంది? గాలి ఎటుంది? లిబరటోరె ఎక్కడ?"

మళ్ళీ మొదలుపెట్టాను. ఆయనకి మైదానం అంతా కంఠతా వచ్చు. నేను 'ఎడమ పక్క' అంటే సరిపోదు, 'స్కోర్‌బోర్డు వైపు, గీతకి పది మీటర్లు లోపల' అంటే సరిపోతుంది. పేర్లు కూడా అక్కర్లేదు, చొక్కా నంబర్ చాలు. రెండో క్వార్టర్ వచ్చేసరికి నేను వాక్యాలు మానేశాను. "నాలుగు, మధ్యలో. ముందు ఇద్దరు. అడ్డం తిరిగాడు." ఆయన చెయ్యి గాల్లోకి లేచింది. "డార్సీ ఖాళీగా ఉండాలి" అన్నారు. తెర మీద చూస్తే నిజంగానే డార్సీ ఖాళీగా ఉన్నాడు. నేను చెప్పకముందే.

ఇది రేడియో కూడా చెయ్యగలదు కదా అని మీకనిపించొచ్చు. నాకూ అనిపించి అడిగాను. "రేడియో వాడు ఊరందరికీ చెబుతాడు. మధ్యలో నేను ప్రశ్న అడిగితే ఆగడు" అన్నారు.

మ్యాచ్ అయ్యాక లేచి వంటింట్లోకి వెళ్ళారు. సొరుగు తీసిన చప్పుడు. ఒక పాత కవరు, లావు మార్కరు తెచ్చి నా ముందు పెట్టారు. "నువ్వు రాయి. నాకు గీత కుదరదు."

"ఎంత అంకుల్?"

"ఎంతేంటి? ఎప్పుడైనా మార్చానా?"

8 అని రాశాను. పెద్దగా, ఫ్రిజ్‌కి దూరంగా నిలబడి పక్క చూపుతో చూసినా కనిపించేంత పెద్దగా. మెంబర్‌షిప్ కట్టమని ఆయన అనలేదు, నేను అడగలేదు. ఇద్దరికీ పక్కపక్క సీట్లు వచ్చేలా ఫోన్లోనే కట్టేశాను. సీట్ల నంబర్లు చదివి వినిపిస్తే, "నడిచే దారి పక్కనే తీసుకున్నావా?" అని మాత్రం అడిగారు. తీసుకున్నాను.

మోడల్ మళ్ళీ నడిపి చూశాను. బాంటెంపెల్లి మొదటి నెల ఆడడనుకుంటే 58 కాస్తా 51 అయింది. బొమ్మా బొరుసా అన్నమాట. ఈ లెక్క నాలుగేళ్ళుగా వేస్తున్నాను. కప్పు శాతం ఎప్పుడూ రెండంకెలు దాటలేదు. అయినా ప్రతి ఫిబ్రవరిలోనూ కూర్చుంటున్నాం. మా ఊరి అరుగుల మీద పెద్దవాళ్ళు కోడి కాళ్ళు చూసేది కూడా తెలియడం కోసమే కాదేమోనని ఇప్పుడనిపిస్తోంది. పండగకి అందరూ వస్తారో రారో ముందే కనుక్కోవడం కోసం కూడానేమో.

మార్చి 15, శనివారం మొదటి మ్యాచ్. నార్త్ మెల్‌బోర్న్‌తో, డాక్‌లాండ్స్ స్టేడియంలో. నేను టార్నీట్‌లో రైలెక్కి ఫుట్‌స్క్రేలో దిగి ఆయన్ని ఎక్కించుకుని, సదరన్ క్రాస్ స్టేషన్ నుంచి వంతెన మీదుగా నడిపించుకెళ్ళాలి. అవతలి జట్టులో కేలబ్ డేనియల్ ఉంటాడు. "ఆ హెల్మెట్ కుర్రాడు ఎక్కడున్నాడో మాత్రం మర్చిపోకుండా చెప్పు" అన్నారు అంకుల్.

"మన మీద ఆడుతున్నా చెప్పాలా?"

"మన మీద ఆడుతున్నాడు కాబట్టే."

నిన్న రాత్రి నాన్నకి ఇదంతా చెప్పాను. 8వ స్థానం, 51 శాతం. "అంటే ఎటైనా పోవచ్చన్నమాట. దానికి కంప్యూటరెందుకురా?" అన్నారు. తర్వాత, "శనివారం ఆట మొదలవగానే ఫోన్ చెయ్యి, నేనూ వింటాను" అన్నారు. మళ్ళీ ఆయనే అన్నారు.

"వద్దులే. నువ్వు ఆయనకి చెబుతూ ఉండాలి కదా. అయిపోయాక చెయ్యి."